జట్టు కూర్పును ముందుగా నూహించుట యెట్లు?

కోవిల్పట్టి యనగనే అగ్గిపెట్టెలును, వేరుసెనగ మిఠాయియు జ్ఞప్తికి వచ్చును. వాని సరసన మూడవదిగా చెప్పదగినది హాకీ ఆట. లక్ష్మీ అమ్మాళ్ స్మారక అఖిల భారత హాకీ పోటీలకు దేశములోని వేర్వేరు ప్రాంతముల నుండి జట్లు ఆ పట్టణమునకు వచ్చుచుండును. బాలురకు హాకీ నేర్పుటకై తమిళనాడు ప్రభుత్వము అచ్చట క్రీడా వసతిగృహమును నెలకొల్పినది. కోవిల్పట్టి మైదానములలో ఆట నేర్చిన మారీశ్వరన్ శక్తివేల్, కార్తి సెల్వం అను యువకులిద్దరును 2022 లో జకార్తా నగరమున జరిగిన ఆసియా కప్పు పోటీలలో భారత జట్టు పక్షమున ఆడిరి. ఆ జట్టు కాంస్య పతకమును గెలుచుకొనినది.

ఇట్టి ప్రాంతమున, పోటీ ప్రారంభమగుటకు ముందే "నేడు మొదట దిగువారెవరు? బెంచీపై కూర్చుండువారెవరు?" అని పిల్లలు వాదులాడుకొనుట సహజము. ఇది కేవలము కాలక్షేపమునకైన ప్రశ్న కాదు. తమ బిడ్డ పేరు మొదటి 11 మందిలో లేదని తెలియగానే వానికి ఆట రాదని తలంచి, మైదానమునకు పంపుట మానిపించు తల్లిదండ్రులును కలరు. మొదటి 11 మంది యెట్లు ఏర్పడుదురో, బెంచీ యెట్లు పని చేయునో తెలిసినచో ఆ తలంపు ఎంత పొరపాటో తేటపడును.

మన కండ్లు క్రికెట్టుకు అలవాటుపడినవి. క్రికెట్టున 12వ ఆటగాడు బంతిని ఆపవచ్చును గాని, సాధారణముగా బ్యాటు పట్టుటకు గాని, బౌలింగు చేయుటకు గాని వానికి హక్కు లేదు. ఫుట్‌బాలులో ఒకసారి బయటికి వచ్చినవాడు మరల ఆ పోటీలో దిగరాదు. హాకీ పద్ధతి వేరు. 1992 నుండి హాకీలో ఎన్నిమారులైనను ఆటగాండ్రను మార్చుకొనవచ్చును. వెలుపలికి వచ్చినవాడు కొంత విశ్రాంతి తీసికొని మరల దిగవచ్చును. ఇట్లు మారునప్పుడు ఆట నిలువదు, గడియారమును ఆపరు. కావున హాకీ బెంచీ మిగిలిపోయినవారు కూర్చుండు చోటు కాదు. అలసినవారు ఊపిరి తీసికొని తిరిగి వెళ్లు విడిది.

ఇక కొంచెము లెక్క చూతము. అంతర్జాతీయ హాకీ పోటీ 15 నిమిషముల చొప్పున 4 భాగములు, అనగా 60 నిమిషములు. గోలుకీపరును విడిచినచో మైదానమున 10 మంది యుందురు. 10 మందికి 60 నిమిషముల చొప్పున మొత్తము 600 నిమిషముల పని యున్నదన్నమాట. ప్రపంచ కప్పు జట్టున 18 మంది యుందురు. వారిలో ఇద్దరు గోలుకీపర్లైనచో ఈ 600 నిమిషములను 16 మంది పంచుకొనవలెను. సగటున ఒక్కొక్కనికి 37 1/2 నిమిషములు వచ్చును.

అయితే అందరకు సమానముగా రాదు. ఉదాహరణకు, వెనుక వరుసలో 4 స్థానములు, మధ్య వరుసలో 3, ముందు వరుసలో 3 అనుకొందము. వెనుక 4 స్థానములకు 5 గురు ఉన్నచో ఒక్కొక్కనికి 48 నిమిషములు. మధ్య 3 స్థానములకు 5 గురు ఉన్నచో 36 నిమిషములు. ముందు 3 స్థానములకు 6 గురు ఉన్నచో 30 నిమిషములు మాత్రమే. ముందు వరుసవారు అతివేగముగా పరుగెత్తి శీఘ్రముగా అలయుదురు గనుక వారిని తరచుగా మార్చెదరు. ఈ లెక్కలో ముందు వరుసకు చెందిన 6 గురిలో మొదట దిగిన ముగ్గురును, బెంచీపై నుండి వచ్చిన ముగ్గురును చెరి 30 నిమిషములే ఆడుచున్నారు! "మొదటివాడు", "తరువాతివాడు" అను భేదము ఈల వేసిన క్షణమున మాత్రమే కలదు, ఆటలో లేదు.

బాస్కెట్‌బాలులోను ఇట్టి లెక్కయే కలదు. అంతర్జాతీయ నియమముల ప్రకారము 40 నిమిషముల ఆట; మైదానమున 5 గురు; మొత్తము 200 నిమిషములు; జట్టున 12 మంది. అమెరికాలోని వృత్తి జట్ల పోటీ 48 నిమిషములు గనుక అచ్చట మొత్తము 240 నిమిషములు. అయితే బాస్కెట్‌బాలులో ఆట ఆగినప్పుడే మార్పులు చేయుదురు. అంతర్జాతీయ పోటీలలో 5 తప్పులు చేసినవాడు ఆ పోటీకి మరల రాకూడదు. కావున మొదటి భాగముననే 2 తప్పులు చేసిన ముఖ్యుని శిక్షకుడు బెంచీపై కూర్చుండబెట్టినచో, అది శిక్ష కాదు, చివరి భాగమునకై దాచుకొనుట యని గ్రహింపవలెను.

ఇప్పుడు ఊహించు పద్ధతిని చెప్పెదను. మొదట, ఆడుటకు వీలుగా నున్నవారెవరో తెలిసికొనవలెను. గాయపడినవారిని, నిషేధింపబడినవారిని తీసివేయవలెను. రెండవది, గోలుకీపరును నిర్ణయింపవలెను. ఈ స్థానమున మార్పులు తక్కువ గనుక ఇది సులభము. మూడవది పెనాల్టీ కార్నరు. పెద్ద పోటీలలో గోళ్లు అనేకము దీనివలననే వచ్చును. దీనికొక నియమము కలదు: పెనాల్టీ కార్నరు ఇచ్చిన పిమ్మట, అది ముగియువరకు, గోలుకీపరు గాయపడిననే తప్ప, ఎవరిని మార్చరాదు. అనగా ఆ క్షణమున మైదానమున ఎవరుందురో వారితోనే పని గడుపుకొనవలెను. కావున బంతిని గోలులోనికి విసరికొట్టు నేర్పరులు ఇద్దరున్నచో, తెలివిగల శిక్షకుడు ఇద్దరిని ఒకేసారి బెంచీపై నుంచడు. ఒకడు వెలుపలికి వచ్చునప్పుడు మరియొకడు లోపల నుండును. ఇట్టి జంటలను గుర్తించినచో సగము చిక్కు విడిపోవును. నాలుగవది, ఎండ, వరుసగా ఆడిన పోటీల సంఖ్య, ఎదుటి జట్టు తీరు. నిన్న ఆడి నేడు మరల ఆడు జట్టు బెంచీపై నెక్కువగా ఆధారపడును.

ఇంత చేసినను ఊహ తారుమారగుట కలదు. 2024 ఆగస్టు 4 వ తేదీన పారిస్ ఒలింపిక్కులలో భారత జట్టు గ్రేట్ బ్రిటనుతో క్వార్టర్ ఫైనలు ఆడినది. ఒలింపిక్కు జట్టున 16 మందియే; వారిలో శ్రీజేష్ ఒక్కడే గోలుకీపరు. 17వ నిమిషమున అమిత్ రోహిదాస్‌కు ఎఱ్ఱకార్డు చూపిరి. మిగిలిన 43 నిమిషములు మనవారు 10 మందితోనే ఆడిరి. గోలుకీపరు గాక 9 స్థానములకు 14 మంది మిగిలిరి. ఒక్కొక్కని నిమిషములు పెరుగలేదు. కాని 10 మంది కాపాడవలసిన మైదానమును 9 మంది కాపాడవలసి వచ్చినది గనుక పరుగు పెరిగినది. బెంచీపై నుండి వచ్చు క్రొత్త ఊపిరి లేకున్న అది సాధ్యము కాదు. ఆట 1–1 గా ముగిసి, షూటౌటున భారతదేశము 4–2 తో గెలిచినది. నిషేధము వలన రోహిదాస్ లేని జట్టు, ఆగస్టు 6 న సెమీఫైనలులో జర్మనీకి 2–3 తో ఓడినది. పెనాల్టీ కార్నరు వేళ గోలునుండి ముందుగా ఉరికి బంతి కడ్డుపడు పని అతనిది. అతని స్థానమును ఒకరు నింపవచ్చును గాని, అతని పనిని నింపుట కష్టము. ఆ పిమ్మట స్పెయినుపై 2–1 తో గెలిచి మనవారు కాంస్యము నొందిరి.

వృత్తి జట్ల విషయమున ఊహ మరింత కఠినము. 2017 తరువాత నిలిచిపోయి, 2024 డిసెంబరులో తిరిగి ఆరంభమైన హాకీ ఇండియా లీగులో తెలుగువారి హైదరాబాదు పేర తూఫాన్స్ జట్టు వెలసినది. ఆ పోటీలలో ఒక్కొక్క జట్టునకు 24 మంది. అందు విదేశీయులు 8 మంది. స్వదేశీయులలో 4 గురు యువకులు తప్పక యుండవలెనని నియమము. వేర్వేరు దేశములవారు కొలది దినములు కూడి ఆడుదురు గనుక, ఎవరు ఎవరితో కుదురుదురో ముందు తెలియదు. ఆ జట్టు 2025 ఫిబ్రవరి 1 న ఫైనలు వరకు వచ్చి, బెంగాలు జట్టుతో 3–4 తో ఓడినది.

విద్యార్థులారా! కోవిల్పట్టిలో పోటీలు జరుగునప్పుడు ఒక నోటుబుక్కు తీసికొనిపొండు. ఆట ఆరంభమునకు ముందే మీ 11 పేర్లు వ్రాయుడు. నిశ్చయముగా తోచినవారిని, సందేహముగా తోచినవారిని వేర్వేరుగా వ్రాసి, ప్రతి పేరునకు కారణ మొకటి చేర్చుడు. 11 లో 9 సరిపోయినంతనే గర్వింపకుడు. క్రిందటి పోటీలోని జట్టును చూచి వ్రాసినవానికి సైతము అన్నియే సరిపోవచ్చును. మారిన పేర్లను మీరు కారణముతో పట్టుకొంటిరా యనునదియే నిజమైన పరీక్ష. పిమ్మట ఎవడు ఎన్ని నిమిషములు ఆడెనో, చివరి 5 నిమిషములలో మైదానమున ఎవరుండిరో గుర్తించుడు. శిక్షకుని నమ్మకము ఆరంభపు పట్టికలో కంటె ఈ చివరి నిమిషములలో స్పష్టముగా కనబడును.

తల్లిదండ్రులకు మనవి చేయునది ఇంతియే. మీ బాలుడు గాని బాలిక గాని ఇంటికి వచ్చినప్పుడు "మొదటి 11 మందిలో ఉంటివా?" అని అడుగుటకు బదులు "ఎంతసేపు ఆడితివి? నీకు ఏ పని యిచ్చిరి?" అని అడుగుడు. బెంచీపై కూర్చుండి ఆటను గమనించి, పిలిచిన క్షణమున లేచి, తనకిచ్చిన పనిని చక్కగా చేయుటయు ఒక విద్యయే. అది నేర్చుకొనుచున్న బిడ్డను, పట్టికలో పేరు లేదను కారణమున, మైదానమునకు దూరము చేయకుడు.