పగటి వనవాసము

వేసవి సెలవులు రాగానే కలిగినవారి యిండ్లలో ప్రయాణపు మాటలు మొదలగును. కొందరు అమ్మమ్మగారి యూరికి, కొందరు చల్లని కొండలకు పోవుదురు. నగరములలో ఇరుకు సందులందు, రేకుల కప్పుల క్రింద కాపురముండు కుటుంబముల పిల్లలకు సెలవులనగా వేరొక అర్థము కలదు. తల్లిదండ్రులు ప్రొద్దున్నే కూలిపనులకు పోవుదురు. బడి మూతపడుటతో అక్కడి మధ్యాహ్న భోజనమును ఆగిపోవును. ఇంటిలో రేకుల సెగ, వీధిలో తారు సెగ. పిల్లలు కూర్చుండుటకు చెట్టునీడయైనను దొరకదు.

ఇట్టి పిల్లలకై ఏర్పడిన ఉపాయమే పగటి శిబిరము. ఉదయమున పిల్లలను తోటకో, అడవి యంచునకో తీసికొనిపోయి, ఆటపాటలతోను భోజనముతోను గడిపించి, ప్రొద్దుగ్రుంకకముందే తల్లుల యొద్దకు చేర్చుట దీని పద్ధతి. దీని పుట్టుకను, నడుపు విధమును, మన నగరములకు ఇది తగు తీరును ఇక్కడ వివరింపదలచితిమి.

నగరపు పేదపిల్లలను పల్లెగాలికి పంపవలెనను ఆలోచన 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున బలపడినది. స్విట్జర్లండులోని జూరిక్ నగరపు మతగురువు హెర్మన్ వాల్టర్ బియాన్ 1876లో 68 మంది బీదపిల్లలను అప్పెన్‌జెల్ కొండసీమకు సెలవులు గడపుటకై పంపించెను. మరుసటి యేడు, 1877లో, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమందలి షెర్మన్ అను చిన్న యూరి మతగురువు విలర్డ్ పార్సన్సు న్యూయార్కు నగరపు కిక్కిరిసిన యిండ్లలోని పిల్లలను తన యూరివారి యిండ్లకు అతిథులుగా రప్పించెను. ‘ఫ్రెష్ ఎయిర్ ఫండ్’ అను పేరుతో ఆ కార్యము నేటికిని సాగుచున్నది. ఇవి రెండును మెచ్చదగిన పనులే. అయినను వీనిలో ఒక చిక్కు కలదు. పిల్లవాడు కొన్నాళ్లు తల్లిదండ్రులను విడిచి యుండవలెను. తిరిగివచ్చిన పిదప ఆ కొండయు, ఆ పచ్చికయు కలలో చూచినట్లగును. అడవి పరుల సొత్తనియు, ఇరుకు సందు మాత్రమే తనదనియు వానికి తోచుట సహజము.

ఈ చిక్కునకు ఒక పరిష్కారము జర్మనీలో దొరికినది. అప్పటికి బెర్లిను ప్రక్కన వేరు నగరముగా నుండిన షార్లొటెన్‌బుర్గులో 1904 ఆగస్టు 1వ తేదీన ఒక ‘అడవిబడి’ తెరువబడెను. విద్యాధికారి హెర్మన్ నోయ్‌ఫెర్టు, పిల్లల వైద్యుడు బెర్న్‌హార్డు బెండిక్సు దీనికి మూలపురుషులు. చిక్కి శల్యమై, తరచు జబ్బుపడుచు, చదువున వెనుకబడిన నగరపు పిల్లలను దీనికి ఎన్నుకొనిరి. పిల్లలు ఉదయమున ట్రాము బండిలో వచ్చి పైను చెట్ల నడుమ దిగుచుండిరి. అచ్చట గొప్ప కట్టడములు లేవు. కొన్ని కొయ్యశాలలు, వానకు తలదాచుకొనుటకు పాకలు, బల్లలు మాత్రమే యుండెను. పాఠములు కొద్దిసేపే జరుగుచుండెను. మధ్యాహ్న భోజనమైన పిమ్మట పిల్లలందరును ఆరుబయట పడక కుర్చీలలో విశ్రమింపవలెను. దినమునకు పలుమారులు ఆహారమిచ్చుచు, పిల్లల బరువును ఎప్పటికప్పుడు తూచి వ్రాయుచుండిరి. సాయంకాల భోజనమైన తరువాత వారు మరల ట్రామెక్కి ఇండ్లకు చేరుచుండిరి.

ఇది పేరునకు బడియే గాని, నేటి పగటి శిబిరమునకు ఒక పూర్వరూపమని చెప్పవచ్చును. లండనులో బోస్టల్ వుడ్ అను వనమున 1907లోను, అమెరికాలో ప్రావిడెన్సు నగరమున 1908లోను ఇట్టి బడులు వెలసినవి. ఆనాడు వీనిని నడిపించినది క్షయరోగ భయము. ఆ రోగమునకు మందులు దొరికిన పిదప ఆరుబయటి బడులు క్రమముగా తగ్గిపోయినవి.

భయము తగ్గినను అవసరము తీరలేదు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరమున 12 పాఠశాలల ఒకటవ తరగతి పిల్లలపై జరిగిన పరిశోధన 2015లో వెలువడినది. కొన్ని బడులలో పిల్లలకు దినమునకు 40 నిమిషముల ఆరుబయటి కాలమును అదనముగా చేర్చిరి. మూడేండ్లలో ఆ పిల్లలలో నూటికి సుమారు 30 మందికి హ్రస్వదృష్టి కలుగగా, తక్కిన బడులలో నూటికి సుమారు 40 మందికి కలిగెను. ఫిన్లండులో 2020లో ప్రకటింపబడిన మరొక పరిశోధనలో, శిశుకేంద్రముల వాకిళ్లలో అడవిమన్ను, పచ్చిక పరచి పిల్లలను ఆడనిచ్చిరి. 28 దినములలోనే వారి చర్మముపై నుండు సూక్ష్మజీవులలో వైవిధ్యము పెరిగినట్లును, రోగనిరోధక వ్యవస్థకు సంబంధించిన కొన్ని సూచికలు మెరుగుపడినట్లును గమనించిరి. బిడ్డ మట్టిలో ఆడుకొనుట వట్టి అల్లరి కాదని దీనివలన తెలియుచున్నది.

మరి మన నగరముల మాటయేమి? ఐరోపావారు ఎండను వెదకుకొనుచు అడవికి పోయిరి. మనము నీడను వెదకుకొనుచు పోవలెను. ఏప్రిలు, మే నెలలలో మన శిబిరము ఉదయము 6 గంటలకు మొదలై, ఎండ ముదురకముందే, పది గంటలకు ఆటలు ముగించుట మేలు. ఆ పిమ్మట దట్టమైన చెట్ల క్రిందనో, గాలి వచ్చు వసారాలోనో కథలు, బొమ్మలు, భోజనము, నిద్ర. కుండనీరు, మజ్జిగ, రాగి అంబలి చేతికందునట్లు ఉండవలెను. తల్లిదండ్రులు పనినుండి తిరిగివచ్చు వేళకు పిల్లలు ఇల్లు చేరవలెను.

స్థలమునకు కొరత లేదు. హైదరాబాదు నడుమ, 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనము సుమారు 390 ఎకరముల విస్తీర్ణము గలది. విశాఖపట్టణము చేరువనే కంబాలకొండ యున్నది. కాని బస్సు ఖర్చు లేని చోటు మరియు మేలు. పేటలోని బడి ఆవరణలో రెండు వేపలు, ఒక కానుగ ఉన్నను చాలును.

అచ్చట చేయవలసిన పని యేమి? ప్రతి పిల్లకు ఒక చెట్టును ఒప్పగింపవలెను. నెలదినములు ఆ చెట్టునే చూడనిండు. కానుగ చిగురు రంగు ఎట్లు మారినది, చీమల బారు ఎక్కడికి పోవుచున్నది, కుట్టుపిట్ట ఆకులను ఎట్లు కుట్టినది, ఇవన్నియు వారే కనిపెట్టి చెప్పుదురు. ఒక ఉష్ణమాపకమును చెట్టునీడను, మరొక దానిని తమ సందులోను పెట్టి, రెండు లెక్కలను ప్రతిదినము పలకమీద వ్రాయించినచో, అంతకు మించిన శాస్త్రపాఠము లేదు.

ఇంటికి తిరిగిపోవుటలోని మేలు ఇక్కడనే తెలియును. పాలమూరునుండి హైదరాబాదుకు, శ్రీకాకుళమునుండి విశాఖకు కూలికై వచ్చిన కుటుంబములలో అవ్వలు, తాతలు ఉందురు. తంగేడు, ఉత్తరేణి, తుమ్మబంక అనిన వారికి చేతిలోని విద్య. నగరమునకు వచ్చిన పిదప ఆ విద్యను అడుగువారు లేకపోయిరి. ఉదయమున చూచిన ఆకును మనుమరాలు సాయంకాలము తెచ్చి “అవ్వా, ఇదేమి చెట్టే?” అని అడిగిన దినమున ఆ యింట మరచిన మాట మరల మొలచును. దూరపు కొండకు పంపిన పిల్లకు ఈ సంభాషణ దక్కదు.

నిర్వాహకులకు మరి రెండు మాటలు. పేదయిండ్లలో తమ్ముని చంకనెత్తుకొని తిరుగు అక్కలు అనేకులు. ఆ చంటివానిని కూడ రానీయనిచో ఆ పిల్ల శిబిరమునకు రానేరదు. అందుచేత పసివారికొక ఉయ్యాల, చూచుకొనుటకొక ఆయా తప్పక ఉండవలెను. రెండవది భోజనము. ఆకలిగొన్న పిల్లకు పిట్ట పాట వినబడదు. షార్లొటెన్‌బుర్గువారు పాఠముకంటె పళ్లెమునకు తక్కువ విలువ ఈయలేదని మరువరాదు.

ఇంత చేసిన తరువాత పిల్లలు ఒక ప్రశ్న తప్పక అడుగుదురు: “చెట్టు క్రింద ఇంత చల్లగా ఉన్నదే, మా సందులో ఒక్క చెట్టైనను లేదేమి?” వారి పలకమీదనే లెక్క యున్నది గనుక ఈ ప్రశ్నను త్రోసిపుచ్చుట ఎవరికిని సాధ్యము కాదు. దానికి బదులు చెప్పవలసినవారు పెద్దలు, పురపాలకులు. తొలకరి వానలు పడువేళకు ఆ సందు మొగను ఒక వేపమొక్క నాటి, దానికి నీరుపోయు పనిని ఆ పిల్లలకే అప్పగించుట మంచి బదులు.