ముద్దబంతికి తోడు రేకబంతి

దసరా రోజుల్లో కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళేవారికి అడవి అంచు పల్లెల్లో ఏ పెరడు చూసినా బంతి కనిపిస్తుంది. ఒకచోట చెండంత ముద్దబంతి, ఇంకొకచోట అయిదారు రేకుల రేకబంతి, దాని పక్కనే కుంకుమరంగు మచ్చలతో పొట్టి కారబ్బంతి. బతుకమ్మ పేర్చడానికి అన్నీ కావలసినవే.

ఇంతగా మనదైపోయిన ఈ పువ్వు పుట్టిల్లు మెక్సికో అంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. ఇంగ్లీషువారు పెద్దబంతిని ఆఫ్రికాదనీ, కారబ్బంతిని ఫ్రాన్సుదనీ పిలుస్తారు. ఆ దేశాలు కూడా వాటి పుట్టిళ్ళు కావు!

బంతిపువ్వు నిజానికి ఒక్క పువ్వు కాదు, పూలగుత్తి. అంచున రేకుల్లా కనిపించేవి ఒక్కొక్కటీ ఒక ఆడపువ్వు. నడుమనున్న గొట్టాల్లాంటి చిన్నపూలలోనే పుప్పొడి ఉంటుంది. ఆ గొట్టాలు కూడా రేకులుగా మారితే అదే ముద్దబంతి. చూడ్డానికి నిండుగా ఉంటుంది గాని, పూర్తిగా ముద్దకట్టిన పువ్వులో పుప్పొడి ఉండదు. తేనెటీగ పక్క మొక్కనుంచి మోసుకొస్తేనే గింజ కడుతుంది. ఆ దారిలో ఒక పల్లెలో ఆగినప్పుడు చూశాను. రేకబంతిని కలుపుతోపాటు పీకబోతున్న కోడలిని ఒక అవ్వ ఆపి, "దాన్ని పీకకే పిల్లా, ముద్దదానికి గదే మొగడు" అన్నది. వృక్షశాస్త్రం ఇంతకంటే పొట్టిగా చెప్పగలదా?

అయితే అన్ని సంబంధాలూ కుదరవు. పెద్దబంతి కణంలో 24 క్రోమోజోములు, కారబ్బంతిలో 48. రెండూ కలిస్తే పుట్టే మొక్కకు 36. అది కంచరగాడిద వంటిది; విరగబూస్తుంది, గింజ మాత్రం పట్టదు.

బజారు కోసం పొలాల్లో వేసేది ఈనాడు చాలావరకు కొన్న సంకర విత్తనం. చెండ్లన్నీ ఒకే అచ్చు. వాటి గింజ దాచి మరుసటేడు చల్లితే మాత్రం పిల్లలది తలో పోలిక. కనుక ఏటేటా కొనవలసిందే. కొన్న నారుకు అలవాటుపడి పెరటి గింజను వదిలేస్తే, ఆ ఇంటి రంగు మళ్ళీ ఏ అంగడిలోనూ దొరకదు.

పెరటి గింజ విలువ అమెరికాలో ఒక గృహిణి చూపించింది. తెల్లబంతి పూయించినవారికి 10,000 డాలర్లు ఇస్తామని బర్పీ విత్తనాల కంపెనీ 1954లో ప్రకటించింది. అయోవా రాష్ట్రానికి చెందిన ఆలిస్ వాంక్ తన తోటలో ఏటేటా లేతరంగు పూల గింజలే ఏరి నాటుతూ వచ్చి, 1975లో ఆ బహుమతి గెలుచుకుంది.

మీకు నచ్చిన పువ్వును కోయకుండా మొక్కమీదే ఎండనివ్వండి. నల్లని గింజలు దులిపి, పొడిగుడ్డలో మూటగట్టి, తొలకరికి చల్లండి. పక్కనే నాలుగు రేకబంతి మొక్కలు ఉండనివ్వండి.