పాత ఐపాడ్ విప్పితే పాట మారుతుందా?

2005లో వచ్చిన ఐదో తరం ఐపాడ్‌ను కొందరు ఇప్పటికీ విప్పి, లోపలి భాగాలు మారుస్తుంటారు. పాట అదే కదా, మరి ధ్వని ఎలా మారుతుంది?

అంకెల రూపంలోని పాటను ఒక చిప్ కరెంటు అలలుగా మారుస్తుంది. ఇయర్‌ఫోన్‌ను చేరేముందు అవి కెపాసిటర్లనే బుల్లి భాగాలను దాటాలి. అటూఇటూ ఊగే కరెంటును పోనిచ్చి, ఒకేవైపు పారేదాన్ని ఆపడం వాటి పని.

కెపాసిటర్‌ను చెంబు అనుకోండి. డోలు మోత అల నిదానంగా ఊగుతుంది, ఒకేవైపు ఎక్కువసేపు నెడుతుంది. చెంబు చిన్నదైతే మధ్యలోనే నిండిపోయి, మోత పలచబడుతుంది. వేణువుకు ఆ బెడద లేదు, దాని అల గబగబా ఊగుతుంది మరి! అందుకే పెద్ద కెపాసిటర్లను టంకంతో అతికిస్తారు.

అయితే రికార్డింగే పేలవమైతే ఏ కెపాసిటరూ కాపాడలేదు. మీరు మాత్రం పెద్దవాళ్లు పక్కన లేకుండా ఏదీ విప్పకండి, లిథియం బ్యాటరీకి స్క్రూడ్రైవర్ గుచ్చుకుంటే మంటలు లేవచ్చు.