ఓజోను పొర - ఉప్పుగాలి సందేహం

నెల్లూరు తీరాన ఇస్కపల్లి పరిసరాల్లోని ఉప్పుమడులను చూసినవారికి సముద్రం ఎంత ఉప్పును మోస్తున్నదో వేరుగా చెప్పనక్కరలేదు. ఉప్పు సోడియం, క్లోరిన్‌ల సమ్మేళనం. అలలు విరిగినప్పుడల్లా అది తుంపరలతోపాటు గాలిలో కలుస్తూనే ఉంటుంది. యుగయుగాలుగా ఈ ఉప్పుగాలికి చెక్కుచెదరని ఓజోను పొర, రిఫ్రిజిరేటర్ల నుండి వెలువడిన వాయువులకు క్షీణించిందంటే నమ్మడమెలా? ఇది అమాయకపు ప్రశ్న కాదు. ఓజోను క్షీణతను శంకించినవారు అనేక దేశాల్లో పదే పదే వేసిన ప్రశ్న ఇది.

భూమికి సుమారు 15 నుండి 35 కిలోమీటర్ల ఎత్తున, స్ట్రాటో ఆవరణంలో, ఓజోను అధికంగా ఉండి సూర్యుని అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుంది. క్లోరోఫ్లోరోకార్బనులు అక్కడికి చేరి, ఆ కిరణాల తాకిడికి విచ్ఛిన్నమై, క్లోరిన్‌ను విడుదల చేస్తాయని, ఒక్కొక్క క్లోరిన్ పరమాణువు వేలాది ఓజోను అణువులను నశింపజేస్తుందని మారియో మొలీనా, షెర్వుడ్ రోలండ్ 1974లో ప్రతిపాదించారు. ఇది నిరూపణ లేని ఊహ మాత్రమేనని ఆ వాయువుల తయారీదారులు వాదించారు. ఆ వాదం వెనుక వ్యాపార ప్రయోజనం ఉన్నమాట నిజమే. అయినా ఓజోను వాస్తవంగా తరుగుతున్నదని చూపే కొలతలు అప్పటికి లేవన్నదీ నిజమే.

ఉప్పు విషయంలో సమాధానం సులభం. ఉప్పు నీటిలో కరుగుతుంది. కనుక స్ట్రాటో ఆవరణాన్ని చేరకముందే వర్షం దానిని కడిగి నేలకు దింపుతుంది. క్లోరోఫ్లోరోకార్బనులు నీటిలో దాదాపు కరగవు, మండవు, ఇతర పదార్థాలతో సులభంగా చర్య జరపవు. ఏ సుగుణాలను చూసి పరిశ్రమలు వాటిని మెచ్చుకున్నాయో, ఆ సుగుణాలే వాటిని దశాబ్దాల తరబడి గాలిలో నిలిపాయి.

గాలికంటే నాలుగైదు రెట్లు బరువైన వాయువు అంత ఎత్తుకు ఎలా ఎగురుతుందన్నది మరొక సందేహం. గాలి నిశ్చలంగా ఉంటే ఆ సందేహం సబబే. కాని వాయు ప్రవాహాలు బరువైన అణువులనూ తేలికైన అణువులనూ కలిపి పైకి మోసుకొనిపోతాయి. దీనికి సాక్ష్యం తెలుగునేలపైనే లభించింది. 1980వ దశకంలో హైదరాబాదులోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూను కేంద్రం నుండి అహ్మదాబాదు భౌతిక పరిశోధనశాల, జర్మన్ శాస్త్రజ్ఞులు ఉపకరణాలను పైకి పంపి స్ట్రాటో ఆవరణపు గాలిని పట్టి తెచ్చారు. అందులో క్లోరోఫ్లోరోకార్బనులు ఉన్నాయి. పైకి పోయేకొద్దీ అవి తగ్గుతూ వచ్చాయి. అంటే అవి అక్కడికి చేరడమే గాక, అక్కడే విచ్ఛిన్నమవుతున్నాయన్నమాట.

అంటార్కిటికాపై వసంతకాలపు ఓజోను క్షీణతను బ్రిటిష్ శాస్త్రజ్ఞులు 1985లో ప్రకటించారు. 1987లో ఆ ప్రాంతంపై ఎగిరిన పరిశోధక విమానం, క్లోరిన్ మోనాక్సైడు హెచ్చిన చోటనే ఓజోను తగ్గినట్లు నమోదు చేసింది. అదే సంవత్సరం మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారతదేశం 1992లో అందులో చేరి, 2010 నాటికి క్లోరోఫ్లోరోకార్బనుల ఉత్పత్తిని, స్వల్ప మినహాయింపులతో, నిలిపివేసింది.

ఇక మిగిలినది శ్రీహరికోట సందేహం. పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొదటి దశలో సుమారు 139 టన్నుల ఘన ఇంధనం మండుతుంది; ఆ పొగలో హైడ్రోజన్ క్లోరైడు ఉంటుంది. ఉప్పు వలె కాక, ఇందులో కొంతభాగం నేరుగా స్ట్రాటో ఆవరణంలోనే వెలువడుతుంది. కనుక ఈ సందేహాన్ని తోసిపుచ్చరాదు. అయితే ఒక్కొక్క ప్రయోగంలో వెలువడేది కొన్ని పదుల టన్నులు మాత్రమే. 1980వ దశకం చివర ప్రపంచం ఏటా తయారుచేసిన క్లోరోఫ్లోరోకార్బనులు సుమారు 10 లక్షల టన్నులు. ప్రపంచవ్యాప్తంగా రాకెట్ల ప్రయోగాలు పెరుగుతున్నందున శాస్త్రజ్ఞులు ఈ లెక్కను ఇప్పుడు మళ్ళీ వేస్తున్నారు.