పట్టణపు తోటకు వెల చెల్లించున దెవరు?

పట్టణములకు బోయినప్పుడు, అందఱును విహరించు పెద్ద తోటలను మీరు చూచియే యుందురు. అంతటి నేలను ఎవరు కొనిరి, ఆ ధన మెక్కడిదను సందేహము మీకు గలిగియుండును. ఇంగ్లండు దేశమందలి బర్కెన్‌హెడ్ పట్టణపు కథ యిందుకు చక్కని సమాధానము.

ఈ యూరు లివర్‌పూలు నగరమున కెదురుగా, మెర్సీ నది యావలి యొడ్డున నున్నది. పందొమ్మిదవ శతాబ్దమున నిది వేగముగా పెరిగినది. ఇండ్లు క్రిక్కిఱిసి, పేదలకు గాలియు వెలుతురును కఱవయ్యెను. అందుచే 1843లో పార్లమెంటు శాసనముచే అధికారము పొంది, పట్టణపు కమీషనర్లు ప్రజాధనముతో 226 ఎకరముల బురదనేలను కొనిరి. అందు 125 ఎకరములను ఉచిత విహారమునకు విడిచి, చుట్టునున్న నేలను ఇండ్ల స్థలములుగా అమ్మదలచిరి. తోట చెంతనున్న స్థలమునకు వెల హెచ్చును గదా! ఆ సొమ్ముతో ఖర్చును పూడ్చుకొనుట వారి యుపాయము.

జోసెఫ్ పాక్‌స్టన్ అను నేర్పరి ఈ తోటకు రూపము గల్పించెను. కొలనులు త్రవ్వించి, ఆ మట్టినే గుట్టలుగా పోయించెను. 1847 ఏప్రిల్ 5వ తేదీన తోట తెఱవబడెను. 1850లో దీనిని చూచి మెచ్చిన అమెరికావాసి ఆల్మ్‌స్టెడ్, పిమ్మట వాక్స్ అను వానితో గూడి న్యూయార్కు సెంట్రల్ పార్కును రూపొందించెను. బర్కెన్‌హెడ్ తోట నేటికిని ప్రజలదే.

ఊరు పెరుగుటకు ముందే ఉమ్మడి నేలను వేఱుచేయవలెననుట ఇందలి సారము. ఇండ్లు లేచిన పిమ్మట ఎంత ధనము పోసినను అది దొరకదు. మీ యూరి చెఱువుగట్టును, రచ్చచెట్టును, పశువుల బయలును కాచుకొనుడు.