ఒకటో తారీఖు గడప దాకా

‘డిజిటల్ సేవలకు మనిషి గుర్తున్నాడా? రాచర్ల వైపు ఏదన్నా చూడు. గురువారానికి కాపీ కావాలి’ అన్నారు ఎడిటర్ గారు. యాప్‌ల మీద రాయమంటే నాకు చేయి ఆడదు. కొత్త యాప్ వచ్చిందంటే పాత క్యూ ఫోన్లోకి మారిందేమోనని ముందే అనుమానం. అందుకని యాప్‌లను పక్కనపెట్టి, రాచర్ల మండలంలో ఏ అరుగు మీద అడిగినా తారీఖుతో సహా చెప్పే సేవను పట్టుకున్నాను. పింఛను.

ఆకవీడు, అనుమలవీడు, చోళ్లవీడు, సత్యవోలు. నల్లమల పక్కన, వాన పడితేనే పంట అనుకునే ఊళ్లు. పిల్లలు పనికోసం హైదరాబాదో బెంగళూరో పోతే ఇంటికి పెద్దవాళ్లు మిగులుతారు. ఒకటో తారీఖు పొద్దున్నే గ్రామ సచివాలయం ఉద్యోగి వాళ్ల గడప ముందు నిలబడతాడు, చేతిలో ఫోను, దానికి తగిలించిన వేలిముద్ర మిషను. ముద్ర ఒకపట్టాన పడదు. కలుపు తీసి, రాయి మోసి గీతలరిగిన వేళ్లాయె. కొంగుకు తుడుస్తారు, తలకు రుద్దుతారు, మళ్లీ పెడతారు. ‘బొటనవేలు వద్దులే అవ్వా, చూపుడువేలు పెట్టు.’ అదీ పడకపోతే కంటిపాప, కాదంటే ముఖం. వేలు మొరాయించిందని మనిషిని వెనక్కి పంపకుండా ఇంకో దారి పెట్టారు చూడండి, ఈ మొత్తం ఏర్పాటులో నాకు నచ్చిన తెలివి అదే.

గడప విలువేమిటో 2024 వేసవి చూపించింది. అప్పటిదాకా ఇంటింటికీ పింఛను తెచ్చిచ్చిన వలంటీర్లు ఎన్నికల వేళ పంచకూడదని మార్చి నెలాఖరున ఎన్నికల సంఘం ఆదేశించింది. ఏప్రిల్‌లో చాలామంది సచివాలయానికి నడవాల్సొచ్చింది. మే, జూన్ నెలల్లో ఆధార్ ముడిపడిన ఖాతా ఉన్నవాళ్లకు, దాదాపు 49 లక్షల మందికి, డబ్బు నేరుగా బ్యాంకులో వేశారు. కాగితం మీద చూస్తే ఇంతకంటే డిజిటల్ ఇంకేముంది? మీట నొక్కితే చాలు, మధ్యలో మనిషే లేడు. తీరా చూస్తే ఏళ్ల తరబడి వాడని ఖాతాలు నిద్రలో ఉన్నాయి. ఏ ఖాతాలో పడిందో తెలియనివాళ్లు ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు తిరిగారు. ఎండలో బ్యాంకుల ముందు ముసలివాళ్లు బారులు తీరారు. అవే మూడు వేలు, అదే ఆధార్. లబ్ధిదారుడు నడవాల్సిన దూరమొక్కటే మారింది, దాంతో సేవంతా మారిపోయింది. జూలై ఒకటిన పింఛను మళ్లీ గడపకొచ్చింది, ఈసారి వలంటీర్ల బదులు సచివాలయ ఉద్యోగులు తెచ్చారు. పెంచిన నాలుగు వేలు, మూడు నెలల బకాయి కలిపి ఏడు వేలు చేతిలో పెట్టారు.

ఈ కథనం కోసం కాగితాలు తిరగేస్తుంటే నన్ను ఆపేసింది మాత్రం ఆ ఏడాది చివర్లో వచ్చిన చిన్న నిబంధన. ఒక నెల పింఛను తీసుకోకపోతే మరుసటి నెల రెండూ కలిపి ఇస్తారు. రెండు నెలలు ఊళ్లో లేకపోతే మూడో నెల మూడూ ఇస్తారు. పట్నంలో కొడుకు దగ్గరున్న తల్లి నాలుగు వేల కోసం నెలనెలా రైలో బస్సో ఎక్కి గిద్దలూరు దాకా వచ్చి, అక్కణ్నుంచి ఊరు చేరాలంటే ఛార్జీలకే ఎంత పోతుందో లెక్కేసుకోండి. కోడలి పురుడనో, మోకాలి నొప్పికి వైద్యమనో ఆగినా ఇప్పుడు డబ్బు పోదు. దీన్ని రాసినవాళ్లెవరో వలస ఇంటిని దగ్గర్నుంచి చూసినవాళ్లే అయుండాలి.

తోకలో చిన్న ముల్లుంది. వరుసగా మూడు నెలలూ తీసుకోకపోతే శాశ్వతంగా వలసపోయినట్టు లెక్కగట్టి పింఛను ఆపేస్తారు. చనిపోయినవాళ్ల పేర్ల మీద డబ్బు పోకూడదంటే ఎక్కడో గీత గీయాలి, కాదనను. కానీ తుంటి విరిగి కూతురింట్లో నాలుగు నెలలు మంచాన పడ్డ మనిషికీ, ఊరు వదిలేసిన మనిషికీ తేడా ఆ లెక్కకు తెలియదు. పక్కింటామెకు తెలుసు. ఉద్యోగికీ చాలాసార్లు తెలిసే ఉంటుంది. ఆ తెలిసిన ముక్క రాయడానికి ఉద్యోగి ఫోనులోని యాప్‌లో ఒక వరుస ఉంటే చాలు. ఇంటికి 300 మీటర్లు దాటి డబ్బిస్తే ఉద్యోగి కారణం నమోదు చేయాలన్న నిబంధన ఉండనే ఉంది, అదే పద్ధతి ఇక్కడా పెట్టొచ్చు.

అన్నీ ఫోనులోకే తెచ్చేద్దామనేవాళ్లతో ఒక పేచీ. నెలకోసారి ఆ ఉద్యోగి రావడం డబ్బు కోసమే కావచ్చు. కానీ పిల్లలు దూరాన ఉన్న ఇంట్లో, అవ్వ లేచి తిరుగుతోందా, పోయిన నెలకంటే చిక్కిందా అని చూసే పైమనిషి అతనే. నేరుగా ఖాతాలో వేస్తే ఖర్చు మిగులుతుంది, నిజమే. ఆ చూపు ఎవరి పద్దులోనూ ఉండదు గనక, పోయినా ఎవరూ నష్టం రాయరు.

వెనకటి సంగతి గబగబా: ఈ-సేవ 2001లో హైదరాబాద్‌లో మొదలైంది, మీసేవ 2011లో వచ్చింది. గ్రామ సచివాలయాలు 2019 అక్టోబరు 2న వచ్చాయి. ఇంటి దగ్గర పింఛను 2020 ఫిబ్రవరి నుంచి.

స్మార్ట్‌కార్డుల పరీక్ష
ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లకు వేలిముద్ర కార్డులిచ్చినప్పుడు మురళీధరన్, నీహాస్, సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు 8 జిల్లాల్లో 157 మండలాలను పరిశీలించారు. అప్పుడు రాచర్ల ఉన్న ప్రకాశం జిల్లా అందులో లేదు. కూలి తీసుకోవడానికి పట్టే సమయం సుమారు 20 శాతం తగ్గిందని 2016లో ప్రచురించారు. ముద్ర లేనిదే ఇవ్వొద్దన్న పట్టుదలకు ప్రభుత్వం పోలేదు, పాత పద్ధతిలోనూ చెల్లించింది. ఈ సంగతి చాలామంది ఎత్తరు.

మన మిత్ర
2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన ప్రభుత్వ వాట్సాప్ సేవ ఇది. 95523 00009కు ‘హాయ్’ అని పంపాలి. కరెంటు బిల్లు, బస్సు టికెట్, ఫిర్యాదు వంటివి ఉన్నాయి. హాల్‌టికెట్ కావాల్సిన ఇంటర్ పిల్లలకు హాయి. మీటల ఫోనున్న తాతకు మాత్రం సచివాలయమే గతి.