మూగారా... చేరారా?

ఫిల్మ్‌నగర్‌లో షూటింగంటే చెప్పేదేముంది! షేక్‌పేట నుంచి కూడా పిల్లాజెల్లా పరుగెత్తుతారు. అలా చూసొచ్చిన ఒక ఎనిమిదో తరగతి పాప ఇంగ్లీషులో వ్యాసం రాసింది. జూనియర్ ఆర్టిస్టులు స్టూడియో గేటు దగ్గర 'స్వార్మ్' అయ్యారని అందులో ఒక వాక్యం. డిక్షనరీలో 'గుంపుగా చేరు' అని కనిపించిందట, తీసి పెట్టేసింది. వ్యాకరణం తప్పేమీ లేదు. కానీ ఆ మాటకు అసలర్థం తెలిశాక తల్లి ముఖం చిన్నబోయింది. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళలో ఆవిడా ఉంది మరి!

గుంపుగా చేరడానికి ఇంగ్లీషులో బోలెడు క్రియలున్నాయి. అన్నీ ఒకటే అనుకుంటేనే చిక్కు.

'గ్యాదర్' అంటే ఊరికే చేరడం. మంచీ చెడూ అంటని మాట. 'అసెంబుల్' అంటే ఒక పని మీద, పిలిస్తే చేరడం. బడిలో పొద్దున్నే పిల్లలంతా చేరడాన్ని అసెంబ్లీ అనేది అందుకే.

'ఫ్లాక్' పక్షులది, గొర్రెలది. మనుషులకు వాడితే ఇష్టంగా తరలిరావడం. కొత్త సినిమా వస్తే జనం థియేటర్‌కు 'ఫ్లాక్' అవుతారు. థియేటర్ పేరుకు ముందు 'టు' మరిచిపోకూడదు. కిక్కిరిసిపోతే 'థ్రాంగ్'. ఇక్కడ 'టు' లేకుండా నేరుగా 'థ్రాంగ్‌డ్ ద థియేటర్' అనొచ్చు. వానకో, చలికో ఒకరికొకరు ఆనుకుని ఒదిగితే 'హడల్'. హీరో కారు కదలకుండా అభిమానులు చుట్టుముడితే 'మాబ్'.

ఇక 'స్వార్మ్' తేనెటీగలది. మనుషులకు వాడితే ఈగల్లా ముసిరారన్నట్టే! 'హర్డ్' పశువులది. ఆర్టిస్టులను వ్యానులోకి 'హర్డ్' చేశారంటే మందను తోలినట్టు తోలారని. నిజంగా అలాగే జరిగితే అలాగే రాయాలి. అప్పుడు తప్పు తోలినవాళ్ళది, ఎక్కినవాళ్ళది కాదు.

మన తెలుగులో మాత్రం లేదూ? చీమలు బారులు తీరతాయి, ఈగలు ముసురుతాయి, మిడతలు దండెత్తుతాయి. పెళ్ళికొచ్చిన చుట్టాలు ముసిరారని ఎవరైనా అంటే ఊరుకుంటామా?

1976లో అక్కినేని నాగేశ్వరరావు ఇక్కడికి దగ్గర్లోనే అన్నపూర్ణ స్టూడియోస్ ప్రారంభించారు. పోనుపోను సినిమా పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలివచ్చింది. పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు కృష్ణానగర్‌లాంటి పేటల్లో ఇళ్ళు అద్దెకు తీసుకున్నారు. తెరమీద పెళ్ళిపందిరి నిండుగా కనిపించాలన్నా, సంత సందడిగా ఉండాలన్నా వీళ్ళే కదా దిక్కు! అలాంటివాళ్ళ గురించి రాసేటప్పుడు ఏ మాట పెడుతున్నామో ఒక్క క్షణం ఆలోచించాలని పిల్లలకు మనమే చెప్పాలి.

ఆ పాప తప్పు తెలుసుకుని, 'స్వార్మ్' కొట్టేసి 'గ్యాదర్' అని దిద్దింది. తల్లికి అదీ నచ్చలేదు.

"ఆ రెండోది... ఏదో అన్నావే, అసెంబుల్... అది పెట్టవే. పిలిస్తేనే కదా వెళ్ళాం!" అందట.